గుండీల డబ్బాలో మాత్రలు

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం, తెల్లబట్టకి కుచ్చిళ్ళు పెడుతూ కూర్చున్న ఆర్గిరో మిషను ఆపి బల్ల కిందకి వంగి చూసింది. కింద పడుకున్న కుక్క తుమ్ముతోంది. ఒకటి కాదు, రెండు కాదు, ఆగకుండా. బల్ల మీంచి నేల దాకా జారిన బట్ట అంచు మీద ఎర్రటి చుక్కలు టపటపా పడ్డాయి.

అది మార్చి ఇరవై అయిదున, స్వాతంత్ర్య దినం కవాతులో బడిపిల్లలు కట్టుకోవాల్సిన పాతకాలపు వీరుల పావడా. ఒక్కొక్క పావడాకి మూరలకొద్దీ గుడ్డ పడుతుంది, కుచ్చిళ్ళు పెట్టేసరికి వేళ్ళు పుండవుతాయి. ఇంకెవరైనా అయితే బట్ట పాడైందని నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్ళు. ఆర్గిరో మాత్రం లేచి వెళ్ళి ముందు తలుపుకి గడియ పెట్టింది. ఆ రక్తం పైనున్న అన్న కంట పడకూడదు. బట్టదేముంది, ఉతికితే పోతుంది.

ఆర్గిరోకి యాభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు ఆమెకి నచ్చలేదు, నచ్చినవాడు నోరు తెరిచి అడగలేదు. తండ్రి కట్టిన ఇంట్లో కింద వాటా ఆమెది, పై వాటా అన్న స్టాథిస్‌ది. ఊరి మొత్తం మీద లంగా అంచు మడవాలన్నా, పాంటు నడుము వదులు చేయాలన్నా ఆమె దగ్గరికే రావాలి. వచ్చినవాళ్ళు డబ్బులిస్తారు, లేదా గుడ్లిస్తారు, లేదా పండక్కి ఇస్తామంటారు.

కుక్క నవంబరులో దొరికింది. ఒలీవ మిల్లు వెనక పిప్పి కుప్ప మీద, ఆవిరి వెచ్చదనానికి ఒళ్ళు ముడుచుకుని పడి ఉంది. మా వైపు నూలుండని కువారి అంటారు. అలాగే చుట్టుకుని ఉందని ఆ పేరే పెట్టింది. మగ కుక్క, మట్టి రంగు, ఎముకలన్నీ పైకి కనబడుతున్నాయి. ఇంటికి తెచ్చిన మొదటి రోజే స్టాథిస్ మెట్లు దిగి వచ్చి, దాని ముందుకాలు చేతిలోకి తీసుకుని గోళ్ళు చూశాడు.

"ఏమేవ్, ఈ గోళ్ళు చూశావా? గద్ద గోళ్ళలా పెరిగాయి. కళ్ళ చుట్టూ బొచ్చు ఊడింది. ఇక ముక్కులోంచి రక్తం ఒక్కటే తక్కువ. అదీ కారిందంటే కాలా అజారే."

"దుమ్ములో పడి తిరిగింది అన్నయ్యా. నాలుగు రోజులు తింటే బాగవుతుంది."

"అయితే సంతోషమే. కాకపోతే మాత్రం నా దగ్గర దాచకు. ఈస్టరుకి పాత్రాస్ నుంచి నా మనవరాలు వస్తుంది. ఆ రోగం ఉన్న కుక్క పాప తిరిగే వాకిట్లో ఉండటానికి వీల్లేదు. వాగు దాకా నేనే తీసుకెళ్తా. దానికి నొప్పి కూడా తెలీదు."

స్టాథిస్ వేటగాడు. మాట వరసకి చెప్పే మనిషి కాదు. పన్నెండేళ్ళ కిందట తన సొంత వేటకుక్క అరాపిస్‌కి అదే రోగం వస్తే, వాగు దాకా నడిపించుకుంటూ వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆర్గిరో అప్పుడు ఇదే మిషను ముందు కూర్చుని ఉంది. కొండల మధ్య నుంచి ఒక్కటే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు.

బట్ట మీద రక్తం పడ్డ మర్నాడు పొద్దున్నే, రొట్టెల బండివాణ్ణి బతిమాలి, కువారిని దుప్పట్లో చుట్టి కిపరిస్సియాలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు పేరు లంబ్రిని. ముప్పై దాటని పిల్ల, మాట మెత్తన, చేతులు గట్టివి. కుక్క మెడ కింద, మోకాళ్ళ వెనక గడ్డలు తడిమి, కనురెప్పలు తిప్పి చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"అనుమానమే, కానీ గట్టి అనుమానం. తేల్చుకోవాలంటే రక్తం ఏథెన్సుకి పంపాలి. దానికొక ఖర్చు. తర్వాత ఇంజెక్షన్లు, అవి ఇంకా ఖర్చు. మీరేం చేయగలరో చెప్పండి అత్తా, దాన్ని బట్టి చూద్దాం."

ఆర్గిరో చేయగలిగింది చెప్పింది. వినడానికి ఎంతోసేపు పట్టలేదు.

"సరే. అయితే పరీక్ష పక్కన పెడదాం. ఆ డబ్బు మందు మీద పెడదాం. మనుషుల మందుల షాపులోనే చవగ్గా దొరికే మాత్ర ఒకటుంది, పొద్దునా సాయంత్రం వేయాలి. ఎన్నాళ్ళని అడక్కండి. బతికున్నన్నాళ్ళూ. మెడకి ఇసుక ఈగలు వాలకుండా ఈ పట్టీ కట్టండి. ఈగ కుడితేనే అంటుతుంది గానీ, నాకితే అంటదు, ముట్టుకుంటే అంటదు. కిడ్నీలు ఒక్కటే నాకు భయం. ఈ రోగం చంపేది కిడ్నీల మీద పడే."

ఆ తర్వాత లంబ్రిని ఇంకా చాలా చెప్పింది. చెబుతూనే ఒక కాగితం మీద రాసింది, రెండో వైపు తిప్పి మళ్ళీ రాసింది. ఆర్గిరో తల ఊపుతూనే ఉంది గానీ ఆమె చెవిలో పడ్డవి రెండే ముక్కలు: బతికున్నన్నాళ్ళూ, కిడ్నీలు. కాగితం చేతికిస్తే పైన పెద్దక్షరాలతో రోగం పేరు కనబడింది. దాన్ని చూడగానే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లోకి తోసేసింది. ఫీజుకి బదులు క్లినిక్ కిటికీలకి తెరలు కుట్టిపెడతానంటే, లంబ్రిని నవ్వి సరేనంది.

ఇంటి గేటు దగ్గర స్టాథిస్ నిలబడి ఉన్నాడు.

"ఏమంది?"

"గజ్జి అంది. చర్మానిది. మందిచ్చింది."

"గజ్జా?"

"గజ్జే. నీకెందుకు అనుమానం? డాక్టరువా?"

లోపలికి వెళ్ళి, జాకెట్లోంచి కాగితం తీసి పొయ్యిలో పడేసింది. మడతలు విప్పను కూడా లేదు. మాత్రలు రేకుల్లోంచి ఒక్కొక్కటీ నొక్కి, పాత బిస్కెట్ల రేకు డబ్బాలో తెల్ల గుండీల మధ్య కలిపేసింది. వేలితో తిప్పి చూసింది. గుండీ ఏదో, మాత్ర ఏదో ఆమెకే వెంటనే తెలియలేదు. హమ్మయ్య అనుకుంది.

ఇక ఈస్టరు లోపల కుక్క నున్నగా, బొద్దుగా కనబడాలి. అన్న కళ్ళు వేటగాడి కళ్ళు. జంతువు నడక చూసి ఎక్కడ నొప్పో చెప్పగలడు. వాటికి అనుమానం రాకుండా ఉండాలంటే దాని ఒంటికి రక్తం పట్టాలి. రక్తానికి కార్జాన్ని మించిన మందు లేదని ఆర్గిరోకి వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. చిన్నప్పుడు మొహం కాస్త పాలిపోతే చాలు, ముక్కు మూసి మరీ కార్జం తినిపించేవాళ్ళు. పైగా అది చవక. కసాయి పాండెలిస్ కార్జాలూ, తిల్లీలూ, గుండెకాయలూ కుక్కకి అని చెబితే సగం ధరకీ, ఒక్కోసారి ఊరికేనూ ఇచ్చేవాడు.

"నలభై రోజుల ఉపవాసం పట్టావు కదా, ఇదంతా ఎవరికి తల్లీ?" అని కన్ను గీటాడు పాండెలిస్.

"కుక్కకి."

"అందరూ అలాగే చెప్తారు. నీకంటే ఆ కుక్కకే పుణ్యం తక్కువ, పొట్ట ఎక్కువ."

ఆమె తినేది ఉడకబెట్టిన పప్పూ, ఒలీవలూ, రొట్టే. ఆమె మూకుట్లో వేగేది మాత్రం కార్జం. పై మెట్ల మీంచి వదిన మరిగో ముక్కు పట్టుకుని అరిచేది.

"ఓ ఆర్గిరో! ఉపవాసపు రోజుల్లో ఆ వాసనేమిటే! ఫాదరు ఈ వీధిలో వెళ్ళాడంటే నిన్ను కాదు, నన్ను అడుగుతాడు!"

"కుక్క నాస్తికుడు వదినా. వాడికి ఉపవాసం లేదని చెప్పు."

మార్చి వచ్చేసరికి కువారి మారిపోయాడు. కళ్ళ చుట్టూ బొచ్చు మొలిచింది, తుమ్ములు ఆగాయి. కవాతు రోజున ఆర్గిరో కుట్టిన పావడాల్లో పిల్లలు నడుస్తుంటే, వాళ్ళ పక్కనే తోక ఊపుకుంటూ నడిచాడు. స్టాథిస్ కూడా చూసి, "గజ్జి బాగానే తగ్గిందే," అన్నాడు. ఆ రాత్రి ఆర్గిరో చాన్నాళ్ళకి కంటి నిండా నిద్రపోయింది. మర్నాటి నుంచి కార్జం ముక్క ఇంకొంచెం పెద్దది చేసింది.

పండగ వారంలో బుధవారం పొద్దున అసలు భయం మొదలైంది.

వాకిట్లో నిమ్మచెట్టు ఉంది. రోజూ లేవగానే కువారి దాని మొదట్లో కాలెత్తుతాడు. ఆ రోజు కాలెత్తి నిలబడ్డాడు. నిలబడ్డాడు, నిలబడ్డాడు. రెండు చుక్కలు పడ్డాయి. కాలు దింపి, రెండడుగులు వేసి మళ్ళీ ఎత్తాడు. ఈసారి ఒక్క చుక్క. వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు.

ఆర్గిరో చేతిలో పాల గిన్నె ఉంది. అది కింద పెట్టడం మర్చిపోయి అలాగే నిలబడింది. కిడ్నీలు. ఆ ఒక్క మాటే బుర్రలో గిర్రున తిరిగింది. ఈ రోగం చంపేది కిడ్నీల మీద పడే.

గురువారం ఊరంతా గుడ్లకి ఎర్ర రంగు వేస్తోంది. ఆమె కూడా పొయ్యి మీద రంగునీళ్ళు మరగబెట్టింది. కువారి వాకిట్లో గచ్చు మీద వదిలిన చుక్కలు చూసి, రంగు చిందిందేమో అనుకుంది. వంగి వేలితో ముట్టుకుంది. రంగు కాదు. బొగ్గు బూడిద చల్లి, నీళ్ళు పోసి చీపురుతో గీకింది. పైన కిటికీ తలుపు కిర్రుమంటే తల ఎత్తకుండా ఇంకా గట్టిగా గీకింది.

లంబ్రినికి ఫోను చేయొచ్చు. నంబరు గోడ మీద పెన్సిలుతో రాసి ఉంది. మూడుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని మూడుసార్లూ పెట్టేసింది. ఫోను చేస్తే ఆ పిల్ల ఏమంటుందో ఆమెకి తెలుసు. మెత్తగా, నిదానంగా, అత్తా ఇక బాధ పెట్టకండి అంటుంది. ఆ మాట విననంతసేపూ అది నిజం కాదు. భయపడ్డ మనిషి లెక్కలు ఇలాగే ఉంటాయి, వాటికి తలా తోకా ఉండదు. ఆమె చేసిందల్లా ఒకటే: ఒంట్లో శక్తి కావాలని ఆ సాయంత్రం కూడా కార్జం వేయించి, ముక్కలు చేసి, చేత్తో తినిపించింది. కువారి ఆకలి లేకపోయినా, ఆమె పెట్టింది కదా అని నెమ్మదిగా నమిలాడు.

శుక్రవారం పాప వచ్చింది. మూడేళ్ళ పిల్ల. బండి దిగీ దిగగానే కువారి మెడ కావలించుకుని మొహం మీద మొహం పెట్టింది. స్టాథిస్ మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. పాపని చూడటం లేదు. కుక్క వెనక కాళ్ళ వంక చూస్తున్నాడు.

"వీడికేమైంది? ఒళ్ళు బిగబట్టి నడుస్తున్నాడు."

"తిన్నదరగలేదు అన్నయ్యా. పండగ కదా, ఎవరో ఏదో పడేసి ఉంటారు."

స్టాథిస్ వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే ఆర్గిరోకి కొంచెం ఊపిరి ఆడేది.

శనివారం పొద్దున మరిగో పిలిచింది. మర్నాడు కాల్చడానికి గొర్రెపిల్ల పేగులు కడగాలి. మా ఊళ్ళో ఆ పని ఆడవాళ్ళందరూ కుళాయి చుట్టూ కూర్చుని చేస్తారు. పుల్ల మీద పేగు తిరగేసి, ఉప్పూ నిమ్మకాయా పట్టించి, వాసన పోయేదాకా కడగాలి. తర్వాత మగవాళ్ళు కార్జమూ గుండెకాయా ముక్కలన్నీ పొడుగాటి ఊచకి గుచ్చి, పైన ఈ పేగులు చుట్టి నిప్పుల మీద తిప్పుతారు. రానని ఆర్గిరో ఎలా అంటుంది? అంటే ఎందుకని అడుగుతారు. కువారిని మిషను బల్ల కింద పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, వెనక వైపు కుళాయి దగ్గరికి వెళ్ళింది.

గుడి గంటలు మోగాయి. శనివారం పొద్దుటి పూజలో ఫాదరు ఆకులు చల్లే వేళకి ఊళ్ళో కుర్రకారు టపాకాయలు పేల్చడం ఆనవాయితీ. ఒక్కసారిగా నాలుగు వైపులా ఢాం ఢాం అని మొదలైంది. ముసలివాళ్ళు సైతం గోడల మీంచి గాల్లోకి తుపాకులు పేల్చారు.

"స్టాథిస్ ఏడీ?" అంది పక్కింటావిడ. "ప్రతి ఏడూ మొదటి తూటా ఆయనదే కదా."

"ఊచకి కట్టడానికి పురికోస కావాలని ఆర్గిరో గదిలోకి వెళ్ళాడు," అంది మరిగో. "ఒసేయ్ ఆర్గిరో, నీ పురికోస ఎక్కడ పెడతావే?"

గుండీల డబ్బా పక్కన పెడుతుంది.

ఆర్గిరో చేతిలో పుల్ల నీళ్ళల్లో పడింది. తడి చేతులతోనే పరుగెత్తింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద రేకు డబ్బా మూత తీసి ఉంది. గుండీలు ఒక కుప్ప, మాత్రలు ఒక కుప్ప, శుభ్రంగా వేరు చేసి ఉన్నాయి. పురికోస ఉండ అక్కడే ఉంది. బల్ల కింద కుక్క లేదు.

వీధిలోకి వచ్చింది. పికప్ బండి లేదు. మెట్లెక్కి పై వాటాలోకి వెళ్ళింది. నడవాలో కొక్కేనికి తుపాకీ ఉండాలి. కొక్కెం ఖాళీగా ఉంది.

ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. ఏప్రన్ అలాగే ఉంది, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులున్నాయి. వాగు దారి పట్టింది. ఒలీవ తోటల మధ్య నుంచి, రాళ్ళ మీద నుంచి, పడుతూ లేస్తూ. వెనక ఊళ్ళోంచి ఢాం అని వినబడితే ఆగిపోయేది. అది టపాకాయా? తుపాకీయా? ఊళ్ళోంచా, వాగులోంచా? నాలుగడుగులు వేసేసరికి ఇంకొకటి. మళ్ళీ ఆగేది. అరాపిస్ అప్పుడు ఒక్కటే చప్పుడు కాబట్టి ఆమెకి తెలిసింది. ఇవాళ ఊరంతా చప్పుడే. ఏది తన కుక్కదో ఆమెకి తెలిసే దారి లేదు. చెవులు మూసుకుంది. మూసుకుంటే ఇంకా భయమేసి తీసేసింది.

"అన్నయ్యా!" అని ఒక్క కేక వేసింది. కొండ తిరిగి అదే కేక వేసింది.

వాగు దగ్గర ఎవరూ లేరు. అరాపిస్‌ని పాతిన చోట రాళ్ళ కుప్ప ఉంది. కొత్త మట్టి ఎక్కడైనా కనబడుతుందేమోనని నీళ్ళ అంచు వెంబడి వెతికింది. పొదల్లో వెతికింది. ఏమీ లేదు. లేకపోవడం ఆమెకి ధైర్యం ఇవ్వలేదు. ఇంకెక్కడికో తీసుకెళ్ళాడనుకుంది. రాయి మీద కూలబడి, నిమ్మకాయా పేగుల వాసనా పట్టిన చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఏడ్చింది. అసలు తీసుకురాకుండా ఉంటే, ఆ పిప్పి కుప్ప వెచ్చదనంలోనే హాయిగా పోయేవాడు కదా అని ఏడ్చింది.

మధ్యాహ్నం దాటాక కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. గేటు దగ్గర పికప్ ఆగి ఉంది. స్టాథిస్ లోపలే కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. పక్క సీట్లో, అతని వేట కోటు కప్పుకుని, కువారి నిద్రపోతున్నాడు. పొట్ట పైకీ కిందకీ కదులుతోంది.

ఆర్గిరో బండి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎక్కడ తిరిగొచ్చావే?" అన్నాడు స్టాథిస్. "చెప్పులు చూడు, తెగి ఉన్నాయి."

"వాగుకి."

స్టాథిస్ తల తిప్పి సిగరెట్టు బూడిద బయటికి రాల్చాడు.

"పురికోస కోసం వచ్చా. నీ డబ్బాలో నా మాత్రలు. ముందు నా మాత్రలు దొంగిలించావనుకున్నా."

"నీ మాత్రలా?"

"నావేనే మొద్దూ. గౌటు వచ్చి నా కాలి బొటనవేలు వాచినప్పటి నుంచి ఆరేళ్ళుగా రోజూ మింగుతున్నా, నీ కళ్ళముందే. అదే మాత్ర, మధ్యలో అదే గీత. వేటగాళ్ళందరికీ తెలుసు, ఈ మాత్ర కుక్కకి దేనికి వేస్తారో. గజ్జికి వేయరు."

ఆర్గిరో తల దించుకుంది.

"అప్పుడు వీడు బల్ల కింద నుంచి లేచి వాకిట్లోకి పోయాడు. నిమ్మచెట్టు దగ్గర కాలెత్తి వణుకుతున్నాడు. చుక్క రావట్లేదు. నాకు రాయి అడ్డం పడిన రోజు గుర్తుందా? వంటింట్లో గోడలు గీరానా లేదా? అదే మొహం. అచ్చం అదే."

"కిడ్నీలు అనుకున్నా," అంది ఆర్గిరో.

"కిడ్నీలు కాదు. రాయి. చిన్న చిన్న రాళ్ళు, ఇసకలాంటివి, దారికి అడ్డం పడ్డాయి. ఆ డాక్టరు పిల్ల వాళ్ళమ్మ ఇంట్లో పేగులు కడుగుతుంటే లాక్కొచ్చా. గొట్టం పెట్టి తీసింది. ఇంకో పూట ఆగితే పొట్టలోనే ఉచ్చతిత్తి పగిలి చచ్చేవాడంది. ఏం పెట్టారు వీడికి అని అడిగింది. నాకేం తెలుసు, మరిగోకి ఫోను చేస్తే, రెండు నెలల నుంచీ రోజూ కార్జం అంది."

"రక్తం పట్టాలని..."

"ఆ మాత్ర మింగేవాడు కార్జం ముట్టకూడదే! గుండెకాయ, తిల్లి, చేపపిల్లలు, ఏదీ. నా డాక్టరు నన్ను తినొద్దని చంపుతున్నాడు కదా, ఆరేళ్ళ నుంచి ఈస్టరుకి నేను ఊచ తిప్పడమే గానీ ముక్క నోట్లో వేసుకున్నానా? కుక్కకైతే ఇంకా పాడంట, ఆ రెండూ కలిస్తే లోపల రాళ్ళే. కాగితం వెనక రాశానే, చదవలేదా అంది ఆ పిల్ల. నాకేం కాగితం ఇవ్వలేదన్నా."

ఆర్గిరో మెట్టు మీద కూర్చుంది. పొయ్యిలో నల్లబడి ముడుచుకుపోయిన కాగితం కళ్ళముందు కనబడింది. పొద్దునా సాయంత్రం, తను ముక్కలు కోసి, ఊది చల్లార్చి, చేత్తో పెట్టిన ముద్దలన్నీ కనబడ్డాయి. గురువారం వాడు వద్దని తల తిప్పుకుంటే బుజ్జగించి మరీ పెట్టింది. రెండు నెలలు అన్న తుపాకీకి భయపడింది. చంపబోయింది తను.

"నేనే చేశాను," అంది. "నీకు భయపడి కాగితం కాల్చేశా. వెనక్కి తిప్పను కూడా లేదు."

స్టాథిస్ సీటు కిందకి చెయ్యి పెట్టి తుపాకీ బయటికి తీసి, తూటాలు రెండూ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"నీ భయం వట్టిది కాదులే. ఇది కూడా తీసుకెళ్ళా. పండగ పూట ఆ పిల్ల తలుపు తీస్తుందో లేదో తెలీదు. వీడేమో సీట్లో కేకలు పెడుతున్నాడు. తీయకపోతే..." అని ఆపేశాడు. "అరాపిస్‌కి ఇలాంటి మాత్ర ఉందని అప్పట్లో ఎవరూ చెప్పలేదే. నేనూ అడగలేదు. రోగం పేరు వినగానే వాగుకి తీసుకెళ్ళా."

జేబులోంచి ఒక కాగితం తీసి ఆమెకిచ్చాడు. పైన రోగం పేరు అలాగే పెద్దక్షరాలతో ఉంది. ఈసారి లంబ్రిని అంతా ఒక వైపే రాసింది. పాప సంగతి కూడా అడిగాడట. మెడ పట్టీ ఊడదీయకండి, ఎండాకాలం చీకటి పడ్డాక కుక్కనీ పిల్లనీ వాకిట్లో పడుకోనివ్వకండి, అంతే అందట. చివర్న రెండు గీతలు గీసి రాసిన వాక్యం ఒకటుంది: రేపు పొద్దున తనంతట తాను ఉచ్చ పోయాలి. పోయకపోతే కోయాలి.

కోయడం అంటే ఎంత ఖర్చో ఆ కాగితంలో లేదు. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

ఆ రాత్రి ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని గుడికి పోయింది. ఆర్గిరో వెళ్ళలేదు. కువారి పక్కన నేల మీద పడుకుని, వాడి కడుపు మీద చెయ్యి వేసి, గట్టిపడుతుందేమోనని తడుముతూనే ఉంది.

తెల్లారింది. ఈస్టరు ఆదివారం. మా ఊళ్ళో ఆ పొద్దున ఎవరు ఎవరికి ఎదురుపడ్డా నోట్లోంచి మొదట రావాల్సిన మాట ఒకటే: "క్రీస్తు లేచాడు!" దానికి ఎదుటివాళ్ళు, "నిజంగా లేచాడు!" అనాలి. అది అనకుండా మంచినీళ్ళు కూడా అడగరు. గోడ అవతల అప్పుడే పక్కింటివాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ఆర్గిరో తలుపు తీసింది. కువారి కాళ్ళు కూడదీసుకుని గడప దాటి, నిమ్మచెట్టు దాకా నడిచాడు. వాసన చూశాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలెత్తాడు.

ఏమీ లేదు.

ఆమె ద్వారబంధం పట్టుకుంది. వీధిలో ఎక్కడో టపాకాయ పేలితే వాడు ఉలిక్కిపడి కాలు దించేశాడు. ఆమెకి ఆ పేల్చినవాణ్ణి చంపాలన్నంత కోపమొచ్చింది. వాడు మళ్ళీ వాసన చూశాడు. మళ్ళీ కాలెత్తాడు.

పైన బాల్కనీ తలుపు ధడాలున తెరుచుకుంది. స్టాథిస్ బనియనుతో, రేగిన జుట్టుతో, రెయిలింగు మీంచి సగం ఒళ్ళు కిందకి వంచాడు.

"పోశాడా?"

"ఛీ ఛీ!" లోపల్నుంచి మరిగో గొంతు. "పండగ పూట నోట్లోంచి మొదట రావాల్సిన మాట అదా! ముందు క్రీస్తు లేచాడు అనవయ్యా!"

"ఉండవే! పోశాడా ఆర్గిరో?"

ఆర్గిరో చెయ్యి పైకెత్తి ఆగమంది. నిమ్మచెట్టు మొదట్లో ఎండుటాకుల మీద ముందు టప్పుమని ఒక చుక్క పడింది. ఇంకొకటి. తర్వాత సన్నగా ధార మొదలైంది. అది తెగుతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. తెగలేదు. చాలాసేపు పోశాడు. ఆకుల మీంచి గచ్చు మీదకి, గచ్చు మీంచి ఆమె కాళ్ళ దాకా వెచ్చగా పారింది.

ఆమె తల పైకెత్తింది. కళ్ళనిండా నీళ్ళు, అన్న మొహం సరిగ్గా కనబడలేదు.

"నిజంగా పోశాడు," అంది.